ఎకరం పొలమూ, నవ్వే పిల్లవాడి తలా

సభాధ్యక్షులు, మన పాఠశాల కమిటీ పెద్దలు శ్రీ బంగార్రాజు గారికి, ముందు వరసలో ఆసీనులైన పెద్దలకు, నాతోపాటు సుద్దముక్కలు అరగదీసిన తోటి ఉపాధ్యాయులకు, కిటికీలు పట్టుకుని వేలాడుతున్న విద్యార్థులకు, వరండాలోనే నిలబడిపోయిన పడవ పల్లంరాజుకు ఈ వీరబ్రహ్మం నమస్కారాలు. పల్లంరాజూ, లోపలికి రావయ్యా, ఇవాళ నీతో పనుంది.

ఇప్పటిదాకా మాట్లాడిన పెద్దలు నన్ను ఎంతగా పొగిడారంటే, ఈ వీరబ్రహ్మం గారెవరో ఒకసారి చూసి పోదామని నేనూ మెడ చాచి అటూ ఇటూ చూశాను. (నవ్వులు) ఇరవై రెండేళ్లు ఇక్కడ డ్రాయింగు మాస్టరుగా పనిచేశాను. లెక్కల మేష్టారు రాని రోజున పిల్లలు అల్లరి చెయ్యకుండా కాపలా కాయడమే చిత్రలేఖనమని కమిటీవారి అభిప్రాయం. లెక్కల మేష్టారి ఆరోగ్యం అంతంతమాత్రం కనుక నాకు పనికి లోటు రాలేదు. (నవ్వులు)

ఏడేళ్ల కిందట, అప్పటి హెడ్మాస్టరు దొరగారు లండన్ కంపెనీవారి క్యాటలాగు ఒకటి నా చేతిలో పెట్టి, పిల్లలు చూసి గీసుకోవడానికి అచ్చులో పోసిన ప్లాస్టరు బొమ్మ ఒకటి తెప్పించుకోమన్నారు. ఒక్కటంటే ఒక్కటే. ఆ పుస్తకంలో బొమ్మలు లేవు, పేర్లూ కొలతలూ మాత్రమే ఉన్నాయి. పెళ్లిచూపులు లేకుండా జాతకాలతోనే పిల్లను ఖాయం చేసుకున్నట్టు, మూడు నెలలు దాన్నే చదివి, దొనతెల్లో అనే పేరు దగ్గర ఆగాను. నాలుగు వందల ఏళ్ల కిందట ఇటలీ దేశంలో, ఫ్లారెన్సు అనే ఊళ్లో ఉండిన శిల్పి ఆయన. తండ్రి ఉన్ని ఏకేవాడు, కొడుకు కంసాలి కొట్లో పని నేర్చాడని అంటారు. మా నాన్న ద్రాక్షారామం చుట్టుపక్కల రథాలకు కొయ్యబొమ్మలు చెక్కి బతికాడు. ఇంతకన్నా చుట్టరికం ఏం కావాలండీ? నవ్వే పిల్లవాడి తల, ప్లాస్టరుది, ఒకటి అని రాసి పంపాను. అది ఆయన చేసినదాని అచ్చేనన్నది క్యాటలాగు మాట, నేను పూచీ పడను.

పది నెలలకు అది కాకినాడ రేవులో దిగి, కాలవ మీద పడవలో మన ఊరు చేరింది. ఆ రోజు నేను మా చెల్లెలి ఇంటికని కొవ్వూరు వెళ్లాను, అదే నేను చేసిన తప్పు. కమిటీవారు ఆత్రం పట్టలేక పెట్టె విప్పించారు. గడ్డి తీసి చూస్తే తల ఉంది, మెడ ఉంది, భుజాలు సగంలో ఆగిపోయాయి. చేతుల్లేవు, కాళ్లు అసలే లేవు. శిల్పి అంతవరకే చేశాడని చెప్పడానికి నేను లేను. ఓడలో విరిగిపోయిందని తీర్మానించి, మిగతా ముక్కల కోసం గడ్డంతా వెతికించారట. (నవ్వులు) భిన్నమైన విగ్రహం బడిలో ఉంటే పిల్లలకు అరిష్టం కదండీ. వెంటనే శాస్త్రిగారిని పిలిపించి, పసుపు కుంకుమ జల్లి, కొబ్బరికాయ కొట్టి, మేళతాళాలతో కోటిలింగాల రేవుకు తీసుకెళ్లి, నడిగోదావరిలో కలిపి రమ్మని పల్లంరాజు పడవ ఎక్కించారు. అంతటి మర్యాద ఆ పిల్లవాడికి పుట్టిన ఊళ్లో కూడా జరిగి ఉండదు.

సాయంత్రం నేను ఏరు దాటి వచ్చేసరికి ఖాళీ పెట్టె ఉంది. బంగార్రాజు గారు నా భుజం తట్టి, "ఊరుకోండి మేష్టారూ, ఈసారి చేతులూ కాళ్లూ సరిగ్గా ఉన్నది చూసి తెప్పిద్దామండి" అన్నారు. చిత్తమండి అన్నాను. ఇంటికి వెళ్లి ఏడ్చాను. కోపమూ వచ్చింది, చెప్పలేనంత వచ్చింది, ఉద్యోగం ఉంది కనుక మింగేశాను. ఇవాళ్టితో ఉద్యోగం లేదు కనుక చెబుతున్నాను.

నాలుగో రోజు పొద్దున పల్లంరాజు చేపలబుట్ట నెత్తిన పెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. "ఏంటయ్యా, మేం చేపలు తినం కదా" అన్నాను. "చేపలు కాదండి బాబూ, ఆ పిల్లోడండి. నడి ఏట్లోకెళ్లి చేతుల్లోకి తీసుకుంటే నవ్వుతున్నాడండి. నవ్వేవోణ్ణి నీళ్లలో వదిలేసొత్తే మా రత్తమ్మ నన్ను గుమ్మం తొక్కనిత్తదేంటండీ? భయమేసి ఇన్నాళ్లూ అటక మీద దాచానండి" అన్నాడు.

(సభలో కలకలం)

కూర్చోండి, కూర్చోండి. అవును, ఆరేళ్లుగా పాఠశాల సొత్తు మా ఇంట్లో ఉంది. ఆదివారాలు పిల్లలు మా ఇంటికొచ్చి దాన్ని చూసే బొమ్మలు గీశారు. మీ తలల పైన ఈ గోడలకున్న బొమ్మలన్నీ వాడివే. అద్దాలు కట్టించింది అధ్యక్షులవారే. నిరుడు నన్ను పిలిచి, "ఎవరండీ ఈ పిల్లాడు, ముచ్చటగా ఉన్నాడు, అచ్చం మా మనవడే" అన్నారు. "తమరు ఎరిగినవాడేనండి" అన్నాను. (నవ్వులు)

ఇక అసలు సంగతి. కోరుకొండ దారిలో ఎకరం పొలం నాకు బహుమానంగా ఇస్తున్నట్టు ఇందాక ప్రకటించారు. వారిది పెద్ద మనసు. కానీ ఆ దొనతెల్లోకి కూడా ముసలితనంలో ఒక ప్రభువు పొలం ఇచ్చాడట. ఏడాది తిరక్కుండానే ఆయన తిరిగి ఇచ్చేశాడు. మూడు రోజులకోసారి రైతు వచ్చి, గాలికి కప్పు లేచిపోయిందనీ, పన్ను కింద పశువుల్ని తోలుకుపోయారనీ, వానకు పంట పోయిందనీ మొర పెట్టుకుంటుంటే, ఈ బాధ కన్నా పస్తులే నయమన్నాడట. ఇక్కడున్న రైతులకు ఆయన బాధ నేను వేరే చెప్పనక్కర్లేదు. (పెద్దగా నవ్వులు) కాబట్టి నా పొలమూ నేను తిరిగి ఇచ్చేస్తున్నాను. దానికి బదులు డ్రాయింగు గదిలో ఒక గూడు ఇప్పించండి. ఈ బల్ల మీద గుడ్డ కప్పి ఉన్నది నాకు కప్పబోయే శాలువా అనుకుంటున్నారేమో, కాదు, వాడే. నేను పోయాక వీడికి మళ్లీ కొబ్బరికాయ కొడతారేమోనని నా భయం. అందుకే గుడ్డ నేను తియ్యను. అధ్యక్షులవారు తీస్తే వీడు బడివాడు. తియ్యకపోతే చంకనెత్తుకుని ఇంటికి పోతాను.

(అధ్యక్షులు లేచి గుడ్డ తీశారు.)

సంతోషమండి. ఇంతసేపు ఓపిక పట్టిన మీకందరికీ కృతజ్ఞతలు, పల్లంరాజుకూ రత్తమ్మకూ మరీ మరీ. అధ్యక్షులవారు గుడ్డ చేత్తో పట్టుకుని నాతో మెల్లగా అన్న మాట వెనక వరసలకు వినిపించి ఉండదు. "వీణ్ణా మేష్టారూ, నేను ఏట్లో కలపమన్నది?" అన్నారు.

అవునండి, వీణ్ణే. సెలవు.