కొత్త నీళ్లకు ఎదురు

2003 ఆగస్టు. దొరల కాలంలో సరుకు పడవలు ఆగిన పాత కాలువ రేవు. కాలువ ఎండిపోయి ఉంది. గుమ్మఘట్ట దగ్గరి పల్లె నుంచి జీపులో వచ్చిన ఓబిలేష్, అతని భార్య సునంద రేవు మెట్ల మీద కూర్చుని అన్నం తింటున్నారు.

“మళ్ల ఆ టీ అంగడాయన ఏం చెప్పినాడో చెప్పవు.”

“ఏముంది సునందా. ఈడ పడవలు నిలుస్తాండెనంట. ఉప్పు బస్తాలు, పత్తి మూటలు దింపుతాండిరంట. గోడకు ఆ ఇనుప కడియాలు చూడు, పడవలు కట్టేటివి. పాపకు చూపిస్తే నోరు తెరిచింది.”

“కడియాల గురించి చెప్పనీకి నిన్ను పక్కకు పిలుచుకొని పోయినాడా?”

“చిత్రాన్నం ఇంకొంచెం పెట్టు.”

“పెడతా. అత్త పాపను పిలుచుకొని కాలవలోకి దిగి ఎంతసేపాయ?”

“ఇప్పుడే కదా. ఆ మలుపు దాకా పోయొస్తామనింది మా అమ్మ. కాలవలో నీడుంది, పోనీలే.”

“పసుపు కుంకుమ ఏంటికి తీసకపోయింది?”

“ముసలామె. యాడికి పోయినా సంచిలో ఉంటాయి.”

“టెంకాయ గుడక ఉంటాదా? కొత్త రవికె గుడ్డ గుడక? నన్ను చూసి చెప్పు.”

“చెప్తే అరుస్తావు.”

“అరవను.”

“ఈ పొద్దు కాలవకు నీళ్లు ఇడుస్తారంట. పైన పొద్దున్నే గేట్లెత్తినారంట. మాపటికి ఈడికొస్తాయన్నాడు అంగడాయన.”

“నీకు ముందే తెలుసు.”

“వారం కిందనే వింటి. జీపు మాట్లాడింది అందుకే.”

“పిక్నిక్ అంటివి కదయ్యా నాతో.”

“పిక్నిక్కే. అమ్మకు నీళ్లు చూపిద్దామని. మన చెరువు తడిసి ఎన్నేండ్లాయ? మన పాప ఆశ్రిత పుట్టినప్పట్నుంచి పారే నీళ్లు చూడనే ల్యా. కొత్త నీళ్లకు ఎదురు పోయి, టెంకాయ కొట్టి పిలుచుకొస్తానని అమ్మ మొక్కుకొనింది. మనుమరాలి చేతనే పసుపు వేయిస్తానంటే నేనేం చెప్పేది?”

“పిలువు వాళ్లను. ఇప్పుడే.”

“అరవనంటివి.”

“అరవడం ల్యా. పిలువు.”

“ఊరికే భయపడతావు. మా ఊరి చెరువు కాలవకు నీళ్లొస్తే పిల్లోళ్లమంతా ఎదురు పోతాంటిమి. ముందర చీమలొస్తాయి, ఎనక నురుగు, దాని ఎనక నీళ్లు. పిల్లి మాదిరి. నెర్రె కనపడితే ఆడ నిలబడతాది, నెర్రె తాగినాక మళ్ల కదుల్తాది. మేము దాని ముందర ఎనిక్కి నడుచుకుంటా ఊర్లోకి తెస్తాంటిమి. అమ్మ నన్ను సంకనేసుకొని అట్ల నడిచినామె.”

“అది మట్టి కాలవ. ఇది బండలు పరిచిన కాలవ. తాగనీకి నెర్రె యాడుంది? నేను కాలవ గట్టున పుట్టినదాన్నయ్యా. నీళ్లిడిచే దినం మా వాళ్లు బర్రెల్ని గుడక దించరు.”

“మాపటికి అన్నాడు కదా. ఎండ చూడు ఎంతుందో.”

“ఆయనేమన్నా గేటు కాడ నిలబడి చూసినాడా? గోడలు చూడు ఎంత నిలువో. మెట్లుండేది ఈడొక్క చోటే. ఆ మలుపు కాడ మీ అమ్మ యాడ ఎక్కుతాది, పాపనెత్తుకొని?”

“సరే, పిలుస్తా ఉండు. అమ్మా... అమ్మా ఓయ్...”

“పలికిందా?”

“ల్యా. దూరం పోయినట్లుంది. చల్లగాలి వస్తాంది చూడు. వాన వాసన.”

“మబ్బు యాడుంది?”

“యాడో పడతాంటాది.”

“మబ్బు యాడుందయ్యా? ఎండిన కాలవలోంచి చల్లగాలి ఎట్లొస్తాది?”

“నేను దిగుతా.”

“దిగొద్దు. గట్టు మీద పరుగెత్తు, జల్దీ పోవచ్చు. నేనూ వస్తాండా. పిలుస్తా పరుగెత్తు.”

“అమ్మా... అదో. అదో, మలుపు తిరిగినారు. పాప చేయి పట్టుకొనుంది. ఇట్లనే వస్తాండారు సునందా.”

“పాపనెత్తుకొని మెట్ల కాడికి పరుగెత్తమను.”

“అమ్మా, పాపనెత్తుకో. మెట్ల కాడికి పరుగెత్తు.”

“వినపడిందా ఆమెకు?”

“వినపడింది. చెయ్యెత్తింది. మెట్ల దిక్కే వస్తాంది.”

“ఇంకా జల్దీ రమ్మను.”

“నిలబడిపోయింది.”

“ఏంటికి?”

“ఆ శబ్దం. నీకు వినపడల్యా?”

“వినపడతాంది. ఎనిక్కి తిరగొద్దని చెప్పు. ఇంకా టైముంది, మెట్లు దగ్గిరే. ఏం చేస్తాందయ్యా, వంగింది ఏంటికి? పాపనెత్తుకుంటాందా?”

“చెప్పులిడుస్తాంది.”

“చెప్పులా?”

“పాప చెప్పులు గుడక ఇప్పింది సునందా. నీళ్ల దిక్కు తిప్పి నిలబెట్టి, మొక్కమంటాంది.”