కుడిచేతి బొటనవేలు

మధ్యాహ్నం. బట్టలు కత్తిరించే మేస్త్రి ఇంట్లో ముందుగది. కుడిచేతికి మోచేతి దాకా కట్టు కట్టించుకుని మంచం మీద అన్న, ఎదురుగా స్టూలు మీద కారు తోలే తమ్ముడు. వంటగదిలో వదిన.

"ఎడమ బొటనవేలు చాలన్నా. సంతకం అక్కర్లేదు. ఇంకు డబ్బా కూడా నేనే తెచ్చా."

"ముందు చదవరా."

"ఇందాకే చదివా కదా."

"చదవలేదు, చెప్పావు. నాకు చదువు రాదు గానీ ఆ మాత్రం తేడా తెలుసు. చదువు."

"అబ్బా... సరే, విను. 'ప్రమాదం జరిగిన రోజున నేను నా తమ్ముడి సొంత కారులో, కుటుంబ సభ్యుడిగా, కిరాయి ఏమీ ఇవ్వకుండా ప్రయాణం చేశాను.' అంతే. ఇందులో అబద్ధం ఏముంది చెప్పు? నువ్వు నా అన్నవి కాదా? అది నా కారు కాదా?"

"అన్ననే. కారూ నీదే. కిరాయి ఇవ్వలేదని ఎందుకు రాశావు? ఆ రోజు కూడా ఫోన్‌లో నొక్కే కదా ఎక్కాను. ఎప్పుడూ అంతే కదరా. నువ్వు గుమ్మం ముందు కారు పెట్టి, 'అన్నా, బుక్ చెయ్యి, రోజు ట్రిప్పుల్లో నాకొకటి కలుస్తుంది' అంటావు. నేను చెప్పులేసుకుంటూ నొక్కుతాను. నువ్వేమో ఎవరో కొత్త మనిషి ఎక్కినట్టు 'నమస్కారం సార్' అంటావు."

"అదేనన్నా... ఆ రోజు ఆ ట్రిప్పు క్యాన్సిల్ అయింది."

"అయిందా, చేశారా?"

"అయింది. ఒక్కోసారి అవుతుంది. సిగ్నల్ ఉండదు, అదీ ఇదీ... అవన్నీ నీకెందుకు? వేలెయ్యి."

"ఏం నాయనా, టీలో చక్కెర వెయ్యనా? మానేశావా?"

"వెయ్యి వదినా. రెండు చెంచాలు."

"వేస్తాలే. ఈ ఇంట్లో ఒకరి నోరైనా తియ్యగా ఉండనీ."

"వదినకి నా మీద కోపమా అన్నా?"

"దానికి నా మీదా కోపమే. పెళ్లైన కాణ్నించీ. నువ్వు చెప్పు. ఈ కాగితం ఎవరికి?"

"నా కారు ఇన్సూరెన్సు వాళ్లకి. సొంతానికి వాడుకునే కారని కట్టిన పాలసీ అది. లోపల కిరాయి మనిషి ఉన్నాడని తెలిస్తే ఒక్క అద్దానికి కూడా ఇవ్వరు. బండి షెడ్డులో మూతి పగిలి పడి ఉంది. బ్యాంకువాడు వాయిదా ఆపడు కదా. నువ్వు ఈ ఒక్క వేలు వేస్తే బండి బయటికొస్తుంది."

"మరి నా చెయ్యి?"

"నీ చేతికేం, బాగవుతుంది."

"డాక్టరమ్మ చెప్పినప్పుడు నువ్వూ పక్కనే ఉన్నావు. రెండు వేళ్లకి లోపల నరాలు తెగాయి, నెలలోపు ఇంకో ఆపరేషన్ చేసి కలపాలి, లేకపోతే కత్తెర పట్టేది ఉండదు అంది. ముప్పై ఎనిమిదేళ్లు, చిన్నోడా. సుద్దగీత గియ్యకుండా కోట్లు కోసిన చెయ్యి ఇది. నిన్న మీ వదిన అన్నం తినిపించింది."

"రెండు ముద్దలు మీసాలకి, ఒక ముద్ద నోటికి. అది కూడా చెప్పు."

"నువ్వుండవే."

"నేను చూసుకుంటానన్నా! కారు బయటికి రానీ, రాత్రీ పగలూ తోలి నీ ఆపరేషన్ నేను చేయిస్తా."

"నెలలోపు?"

"కొంచెం అటూ ఇటూ."

"నరాలకి అటూ ఇటూ తెలీదంటరా."

"నన్ను నమ్మవా? ఆ రోజు నిన్ను వదిలి పోయానా? అంబులెన్సు వచ్చేదాకా నీ చెయ్యి పట్టుకునే ఉన్నా కదా!"

"ఉన్నావు. అందరికీ అదే చెప్పా. నర్సుకి చెప్పా, మీ వదినకి చెప్పా. లారీ పక్క నించి గుద్దేసి పోయింది, నేను సీట్లో ఇరుక్కుపోయా, మా చిన్నోడు అటు నించి వచ్చి డోర్లోంచి నా చెయ్యి పట్టుకున్నాడు, చొక్కా అంచుతో నా వేలు తుడిచాడు అని."

"పది మందికి చెప్పావు. పాలబ్బాయిక్కూడా చెప్పావు."

"చెప్పానే. చెప్పుకోవాలనిపించింది."

"చూశావా మరి. అలాంటి తమ్ముణ్ని పట్టుకుని... ఇదిగో, ఇంకు అంటుకోకుండా నేనే తుడుస్తా. ఎడమ చెయ్యి ఇటివ్వు."

"ఆగరా. లాయరమ్మ దగ్గరికి మీ వదిన వెళ్లింది."

"ఏ లాయరమ్మ?"

"నా దగ్గర నల్లకోటు కుట్టించుకుంది, భుజం దగ్గర రెండుసార్లు విప్పించింది, ఆవిడ. ఫోన్‌లో బుక్ చేసుకుని కారెక్కిన కాణ్నించి దిగేదాకా, ఎక్కినవాడి ఒంటికి ఏమైనా, ఆ ట్రిప్పులిచ్చే కంపెనీ కట్టిన ఇన్సూరెన్సు చూసుకోవాలంట. తప్పు ఎవరిదైనా సరేనంట. అది నా హక్కంట. ఈ కాగితం మీద వేలేస్తే ఆ హక్కు నేనే తుడిచేసుకున్నట్టంట."

"లాయర్లు అలాగే చెప్తారు. ఇంట్లోవాళ్ల మధ్య పుల్ల పెట్టకపోతే వాళ్లకి పూట గడవదు."

"సరే, ఆవిణ్ని వదిలెయ్. నీ పాలసీలో నా చేతికి ఏమైనా వస్తుందా?"

"అది..."

"అడుగుతున్నా."

"ఇంట్లోవాళ్లు ఎక్కితే... ఆ పాలసీలో రాదు."

"అంటే బండి మూతి బాగవుతుంది."

"అలా అనకన్నా! నాకు మాత్రం బాధ లేదా?"

"లాయరమ్మ రాసినదానికి కంపెనీ నించి పొద్దున జవాబొచ్చింది. దిండు కింద ఉంది, తియ్యి. లాయరమ్మ గీత గీసిన చోట చదువు. ఇది కూడా చెప్పకు, చదువు."

"...'సదరు ట్రిప్పు సాయంత్రం నాలుగు గంటల ఇరవై ఒక్క నిమిషానికి ప్రయాణికుని ఫోన్ నుండి రద్దు చేయబడినందున...'"

"అందుకని మాకు సంబంధం లేదంటున్నారు. ఇంకో చీటీ ఉంది చూడు, ఆస్పత్రిది. అంబులెన్సుకి మనుషులు ఫోన్ చేసింది ఎన్నింటికి?"

"నాలుగూ... పద్నాలుగు."

"లారీ గుద్దింది ముందా? ట్రిప్పు పోయింది ముందా?"

"కింద పడ్డప్పుడు ఫోన్ దానంతట అదే నొక్కుకుని ఉంటుందన్నా."

"ఏడు నిమిషాలు ఆలోచించుకుని నొక్కుకుంది. ఎందుకు రద్దు చేస్తున్నారని అడుగుతుందంట కదా, దానికి జవాబు కూడా అదే ఇచ్చుకుంది. ఏమని ఉందో లాయరమ్మ చదివింది. 'ప్రయాణం మానుకున్నాను' అని ఉందంట. నేను డోరుకీ సీటుకీ మధ్య ఇరుక్కుని, ప్రయాణం మానుకున్నానంట."

"టీ, నాయనా. చూసుకో, వేడిగా ఉంది."

"వద్దు వదినా."

"రెండు చెంచాలు వేశా. తాగు."

"'మీరు నొక్కారా?' అని ఫోన్‌లో అడిగింది లాయరమ్మ. లేదన్నాను. 'ఎవరు నొక్కారో రాసివ్వండి చాలు, దెబ్బ తగిలేటప్పటికి ట్రిప్పు నడుస్తూనే ఉంది కాబట్టి కంపెనీ తప్పించుకోలేదు' అంది. 'సాయంత్రం చెప్తానమ్మా, మా తమ్ముణ్ని ఒక మాట అడగాలి' అన్నాను."

"నా పేరు చెప్పావా?"

"నిన్ను అడగాలన్నాను, అంతే. నీ పేరు నువ్వే చెప్తున్నావు."

"అది కాదు... అన్నా, మనిషికి దెబ్బ తగిలిన ట్రిప్పంటే కంపెనీవాళ్లు నా ఐడీ మూసేస్తారు, ఇంక ట్రిప్పులివ్వరు. ఎంక్వయిరీ అంటారు, నెలలు పడుతుంది. ఇటు పాలసీ వాళ్లకి కిరాయికి తిప్పుతున్నానని తెలిసిపోతుంది. నాకు పిల్లలు ఉన్నారు కదా. నాకప్పుడు ఏం తోచలేదు. ఎవరు నొక్కారు అన్నది ఇప్పుడు తవ్వితే ఎవరికి లాభం?"

"నా ఫోన్ అంకెలతో తెరుచుకోదు, చిన్నోడా. నాకు అంకెలు గుర్తుండవని నువ్వే కొట్లో కూర్చోబెట్టి నా బొటనవేలు పెట్టించావు. కుడిది."

"అన్నా, వద్దు."

"కత్తెర పట్టి పట్టి కాయ కాసిన వేలిని ఫోన్ ఒక పట్టాన తీసుకోదు. మూడుసార్లు గట్టిగా నొక్కాలి. కొట్టువాడు నవ్వాడు, గుర్తుందా? 'మేస్త్రీ, నీ వేలు అరిగిపోయింది' అన్నాడు. నువ్వూ నవ్వావు."

"వదినా, నువ్వైనా చెప్పు. నేను పరాయివాణ్నా?"

"నేనేం చెప్తాను నాయనా. చెయ్యి ఆయనది."

"చెయ్యంతా రక్తం కారిపోతోంది. వీడు ఒక్క బొటనవేలే ఎందుకు తుడుస్తున్నాడా అనుకున్నా అప్పుడే. పోనీలే, కంగారులో ఉన్నాడు అనుకున్నా."

"నీ కాళ్లు పట్టుకుంటానన్నా. ఇవాళ ఒక్కసారి ఆ ఎడమ వేలు వెయ్యి. ఇంకెప్పుడూ ఏదీ అడగను."

"కుడిది అడక్కుండానే తీసుకున్నావు కదరా. ఎడమదానికి ఎందుకు ఇన్ని దణ్ణాలు?"

"ఏమయ్యా, లాయరమ్మకి ఫోన్ కలపనా? ఐదింటి దాకా ఉంటానంది."

"కలుపు."

"అన్నా! ఏడు నిమిషాల కోసం అంతా మర్చిపోతావా? నేను నీ చెయ్యి వదల్లేదన్నా. ఒట్టు. నేను నీ చెయ్యి వదల్లేదు!"

"వదల్లేదురా. మూడుసార్లు గట్టిగా నొక్కావు కూడా. నాకు ధైర్యం చెప్తున్నావనుకున్నాను."