పండుగ పంక్తి

రెండు వేల తొమ్మిది క్రిస్మస్ మధ్యాహ్నం. జనగామలోని ఆ ఇంటి వాకిట్లో, చర్చి గుడిలో పండుగ పూజ ముగించుకుని వచ్చిన చుట్టాలంతా భోజనాలకు కూర్చున్నారు. పాతికేళ్ల కిందట గుంటూరు నుంచి కాపురానికి వచ్చిన చిన్న కోడలు, తను వండిన అన్నం వడ్డించబోయి, గిన్నెతో వంటింట్లోకి తిరిగి వచ్చింది. పెద్ద కోడలు పొయ్యి దగ్గర ఉంది.

"అక్కా, శౌరి ఇస్తరాకు మీద చెయ్యి అడ్డం పెట్టిండు."

"ఆకలి లేదేమో చెల్లె."

"నీ కొడుకు ఆకలి నాకు తెల్వదా? ఆంధ్రోళ్ల చేతి కూడు తిననన్నడు. అందరూ విన్నరు. నీ మరిది తల వంచుకుని తింటున్నడు."

"దీక్షల కూసున్న కాడికెల్లి గిట్లనే అయిండు. ఇచ్చిన తెలంగాణను మళ్ల గుంజుకున్నరని మండుతున్నడు. నీ మీద కోపం కాదు."

"మరి నా చేతి మీదనా?"

పెద్ద కోడలు పొయ్యిలో కట్టె ఎగదోసింది.

"వాణ్ని కని నువ్వు దవాఖానల పడ్డప్పుడు, నా బిడ్డతోపాటు వానికీ పాలిచ్చిన. గది చెప్పలేదా వానికి?"

"చెప్పిన."

"ఏమన్నడు?"

"నాకు ఎరుకలేని ముచ్చట నాకెందుకన్నడు."

చిన్న కోడలు గిన్నె కింద పెట్టి గోడకు ఆనుకుంది.

"పుట్టింటికి పోతే నా మాట విని తెలంగాణామె వచ్చిందని నవ్వుతరు. నేనేడికి పోవాలె అక్కా? నువ్వొక్క మాట మందలిస్తే వాడు వింటడు."

"మందలిస్తే తినకుండ లేచిపోతడు. పండుగ పూట కొడుకును ఉపాసముంచమంటవా చెల్లె?"

పెద్ద కోడలు మొహం తిప్పుకుని పొయ్యి మీది చిన్న గిన్నె మూత తీసింది. శౌరి ఒక్కడికి సరిపడా అన్నం అందులో విడిగా ఉడుకుతోంది.