మా అమ్మాయి ఎలాంటిదంటే

ఇదెక్కడి గోలమ్మా! కుక్కపిల్లను కొనుక్కుందామని వస్తే, పెళ్ళి సంబంధం మాట్లాడటానికి వచ్చినట్టు ఇన్ని ఆరాలా?

అరుస్తున్నానా? లేదమ్మా, నా గొంతే అంత. లేత్ వర్క్‌షాపులో సూపర్‌వైజర్ని. మిషన్లు తిరుగుతుంటే పక్కవాడితో మాట్లాడాలన్నా కేకే వేయాలి. అదే అలవాటైపోయింది.

సరే, అడగండి. రేపు మా అమ్మాయి పుట్టినరోజు. కుక్కపిల్ల కావాలని వాళ్ళమ్మతో ఎప్పుడో అందట. నాతో అనలేదు.

ఎలాంటిదంటే... ఏం చెప్పను? పిల్లలు ఎలా ఉంటారో అలాగే ఉంటుంది. నెమ్మదస్తురాలు. నోట్లో నాలుక లేదు. ఇంట్లో ఉన్నట్టే తెలియదు. కాబట్టి ఆ మూల నిద్రపోతోందే, తెల్లది, అది ఇచ్చేయండి. ఇద్దరికీ సరిపోతుంది.

అబ్బ, ఈ నల్లదాన్ని కాస్త పట్టుకోండమ్మా, షూ లేసు ఊడబీకేస్తోంది. ఏయ్! ఛీ, పో! చూశారా, లెక్కే లేదు దీనికి.

ఆటలా? ఆడుతుందనుకుంటా. పరిగెత్తే ఆటలా, కూర్చుని ఆడేవా అంటే... వాళ్ళమ్మని అడగాలి. పొద్దున్నే లేస్తుందా? నేను పనికి వెళ్ళేసరికి పడుకునే ఉంటుంది. దేనికి నవ్వుతుందా? ఇదేం ప్రశ్నమ్మా! అందరూ దేనికి నవ్వుతారో దానికే.

ఆగండి, ఒకటుంది. మొన్న వాళ్ళ టీచరమ్మ బజారులో కనపడింది. "మీ అమ్మాయి వట్టి వాగుడుకాయండీ, క్లాసంతా ఒకటే నవ్విస్తుంది" అంది. ఎవరో అనుకుని నాకు చెప్తోందనుకున్నా. "మా అమ్మాయి అయ్యుండదులెండి" అన్నాను కూడా. ఆవిడ నన్ను అదోలా చూసింది.

ఇంటికెళ్ళి మా ఆవిడకు ఈ సంగతి చెప్పి నవ్వబోయాను. తను నవ్వలేదు. "మీరు లేనప్పుడు వినాలి దాని కబుర్లు" అంది.

ఏంటమ్మా, అటు చూస్తున్నారు? బుట్ట వెనకాలా? ఓ, గోధుమరంగుది ఇంకోటుందా! ఇందాక నేను "ఏయ్" అన్నప్పుడు దూరిందా అక్కడికి? ఇంకా రాలేదా?

మా అమ్మాయి కూడా అచ్చం అంతేనమ్మా. నా బండి చప్పుడు వినపడగానే టీవీ ఆగిపోతుంది. గుమ్మం దగ్గర చెప్పులు గబగబా సర్దేసి గదిలోకి వెళ్ళిపోతుంది. నేనేమో, ఎంత బుద్ధిమంతురాలో అని మురిసిపోయేవాణ్ణి. మా షాపులో అందరికీ గొప్పగా చెప్పుకున్నాను కూడా.

కొట్టలేదమ్మా. ఒట్టు. ఒక్క దెబ్బ వేసి ఎరగను. మొన్న దాని చేతిలోంచి గాజు గ్లాసు జారిపోయింది. అరిచాను, అంతే. కింద కూర్చుని పెంకులు ఏరుతూ "సారీ నాన్నా, సారీ నాన్నా" అంటోంది. ఏరడం అయిపోయింది. అయినా అంటూనే ఉంది. ఇక ఆపమ్మా అందామనుకున్నాను. అదీ కేకలాగే వచ్చింది.

అందుకే వచ్చాను. కూతుర్ని దగ్గర కూర్చోబెట్టుకుని, తప్పు నాదేనమ్మా అనడం చేతకాక కుక్కపిల్లను కొంటున్నాను. సిగ్గుగానే ఉంది.

పోనీ ఈ నల్లదాన్నే ఇవ్వండి. ఎంత అదిలించినా లేసు వదలట్లేదు. నేనంటే భయంలేని ప్రాణి ఇంట్లో ఒక్కటుంటే... దాన్ని చూసైనా...

అయ్యో, ఎత్తి బుట్టలో పెట్టేస్తున్నారేంటమ్మా? ఇవ్వనంటారా?

నిజమేలెండి. రెండు నెలలు పోతే నా బండి చప్పుడుకి ఇదీ ఏ మంచం కిందో దూరుతుంది.

అయితే ఒక పని చేస్తాను. రేపు అమ్మాయిని తీసుకొస్తా. మీరడిగినవన్నీ దాన్నే అడగండి. మీతో మాట్లాడుతుందిలెండి, బాగా మాట్లాడుతుందట. దానికి ఏది నచ్చితే అది ఇవ్వండి.

నేను లోపలికి రాను. వస్తే మళ్ళీ నోరు కట్టేసుకుంటుంది. గేటు బయట, బండి దగ్గరే ఉంటాను.

ఇక్కడ నవ్వితే అక్కడికి వినపడుతుంది కదమ్మా?