కాలరు సైగ

ఇలా వచ్చి కూర్చో. ఆ కుర్చీ మీది పేపర్లు కింద పడెయ్, పర్లేదు, నిన్నటివే. ఏంట్రా ఆ మొహం, పరీక్ష పోయిందా? ఏంటీ? నా వైపు తిరిగి చెప్పరా, పెదాలు కనిపిస్తే చాలు నాకు. ఆఁ... మీ వాడు టీమ్ మారాడా? ఆ తొమ్మిదో నంబరు వాడేగా, గోల్ కొట్టి చొక్కా మీది బొమ్మకి ముద్దు పెట్టుకునేవాడు? మొన్నటిదాకా ఈ బొమ్మకి, ఇకనుంచి ఆ బొమ్మకి. పెట్టుకోనీరా, వాడి ముద్దు వాడిష్టం. దానికి నువ్వు చొక్కా చింపుకోవడం ఏంటి? ఏదీ, చూపించు. అయ్యయ్యో, చంక దగ్గర్నుంచి నడుం దాకా చీరేశావు కదరా! కుట్టు మీద ఊడితే ఏదోలే అనుకోవచ్చు, బట్టే చిరిగింది. జీవితమంతా మగ్గాల ముందు నిలబడ్డవాణ్ణి, బట్ట చిరిగిందంటే నాకు పంటి కింద రాయి పడ్డట్టుంటుంది. ఏమన్నావు? ద్రోహా? ఆ మాట బయట ఎక్కడన్నా అనుకో, ఈ ఇంట్లో మాత్రం అనకు. ఎందుకంటే ఆ మాట మీ తాతని అన్నారు. అవును, మీ అమ్మ వాళ్ళ నాన్ననే, మా బావని. మిల్లు గోడ మీద సున్నంతో రాశారు కూడా, గజమంత అక్షరాలు. మీ అమ్మ చెప్పలేదా? దానికేం తెలుసులే, అప్పటికింకా పాకుతోంది అది. వీధిలో పిల్లలంతా నన్ను సెల్ఫ్‌గోల్ తాత అంటారు కదా, అది కూడా ఆ రోజు పుట్టిన పేరే.

మా బావని మిల్లులో నాడె అనేవాళ్ళు. నాడె అంటే, మగ్గంలో ఈ చివర్నుంచి ఆ చివరికి పోగు మోసుకుని పరిగెడుతుంది చూడు, అది. గ్రౌండులో ఆయన పరుగు అలా ఉండేది. ఇప్పుడు ఇక్కడ ఉన్నాడు అనేలోపు అక్కడ. మిల్లుకి ఒక ఫుట్‌బాల్ టీమ్ ఉండేది. ఆయన ముందు ఆడేవాడు, నేను వెనక ఆడేవాణ్ణి. మగ్గాల దగ్గర కూడా అంతే, ఆయన మగ్గం పక్కదే నాది. ఇప్పుడు నీకు ఒక సంగతి చెప్పాలి, లేకపోతే కథ అర్థం కాదు. మగ్గాల షెడ్డులో చప్పుడు ఎలా ఉంటుందో తెలుసా? పక్కనోడు చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకని అందరం చేతుల్తోనే మాట్లాడుకునేవాళ్ళం. పొట్ట నిమురుకుంటే భోజనం గంట కొట్టారని. చొక్కా కాలరు పట్టుకుని లాగితే, ఒరేయ్ నీ వెనక సూపర్‌వైజర్ వస్తున్నాడు, కబుర్లు ఆపు అని. గుండె మీద అరచేత్తో రెండుసార్లు తట్టుకుంటే... అది వేరే. నువ్వు కాసేపు బయటికి వెళ్ళాలి, మగ్గం ఆపితే జీతం కోత, అప్పుడు పక్కనోడు అలా తట్టుకుంటాడు. నీ మగ్గం నేను చూసుకుంటా, నువ్వు వెళ్ళు అని. ఇళ్ళల్లో కూడా అదే భాష. మా పేటలో మొగుడూపెళ్ళాలు కొట్లాడుకుంటే పక్కింటికి చిన్న చప్పుడు కూడా వచ్చేది కాదు. నిజం! మీ అమ్మమ్మకి, అదే మా అక్కకి, కోపం వస్తే మొహం గోడవైపు తిప్పుకునేది, అంతే. ఇక మీ తాత ఏం చెప్పుకున్నా చెల్లదు. చూడనిదానికి చేతులాడించి ఏం లాభం?

ఆఁ, ఏం చెప్తున్నా? సైగలు. గ్రౌండులో కూడా అవే వాడేవాళ్ళం. కాలరు లాగితే, నీ వెనక అవతలి టీమ్ వాడు వస్తున్నాడు, బంతి వదిలించుకో అని. అవతలి టీమ్‌వాళ్ళు 'పాస్, పాస్' అని గొంతు చించుకునేవాళ్ళు, మేం పదకొండుమందిమి మాత్రం మూగవాళ్ళలా ఆడేవాళ్ళం. చూసేవాళ్ళకి ముచ్చటగా ఉండేది. ఎవరికీ అంతు చిక్కేది కాదు. మూడేళ్ళు కప్పు మాదే.

అలాంటి టీమ్‌ని వదిలేసి మా బావ హార్బర్ టీమ్‌కి వెళ్ళిపోయాడు. హార్బర్‌కీ మాకూ ఉప్పూ నిప్పూ. వాళ్ళు ఉద్యోగం ఇస్తామన్నారు, సరుకు దిగేచోట, ఆరుబయట పని. మిల్లులో అందరూ ఏమనుకున్నారు? జీతానికి అమ్ముడుపోయాడనుకున్నారు. జీతమా నా మొహమా, మిల్లుకన్నా తక్కువే. అసలు సంగతి చెవులు. డాక్టరు చూసి, ఇంకో రెండేళ్ళు ఆ షెడ్డులో ఉంటే పూర్తిగా పోతాయయ్యా అన్నాడు. మా పేటలో అదొక జబ్బు కాదు. తల నెరవడం ఎలాగో, చెవులు పోవడం అలాగే. మీ అమ్మమ్మ కూడా అదే అంది: "మా నాన్న చెవులు పోలేదా? బతకలేదా?" అంటే మీ తాత ఏమన్నాడో తెలుసా? "మీ నాన్న నీ గొంతు ఎప్పుడైనా విన్నాడటే?" అన్నాడు. మీ అమ్మ నేల మీద పాకుతూ ఏదో 'బాబాబా' అంటోంది. దాన్ని చూపించి, "అది మాటలు నేర్చుకుంటోంది, నేను వినాలి," అన్నాడు. మా అక్క ఒక్కటి మాత్రం అడిగింది. "మా వాళ్ళ సైగలు అక్కడ చెప్పనని మాటివ్వు," అంది. మీ అమ్మ తల మీద చెయ్యి పెట్టి మాటిచ్చాడు.

ఆ మాట మా ముగ్గురికే తెలుసు. మా కెప్టెన్ నమ్మేరకం కాదు. ఫిట్టరు ఆయన, ఇంతెత్తు మనిషి, గొంతు మాత్రం దోమ గొంతు. హార్బర్‌తో మ్యాచ్ రెండు రోజులుందనగా మమ్మల్నందరినీ నూలు బేళ్ళ వెనక్కి పిలిచాడు. "ఇంటి గుట్టు లంకకు చేటన్నారు. నాడెగాడు అంతా చెప్పేసే ఉంటాడు. అన్ని సైగలూ మార్చేస్తున్నా," అన్నాడు, ఆ సన్నగొంతుతో. నేను "మా బావ చెప్పడండీ," అన్నా. "నువ్వు ఊరుకోవయ్యా, బావమరిదివి, నీ సాక్ష్యం చెల్లదు," అన్నాడు. పొట్ట నిమిరితే ఎత్తుగా కొట్టమట. ముక్కు ముట్టుకుంటే కార్నర్ వైపు. కాలరు లాగితే, మన గోల్ కాసే గోలీ ఖాళీగా ఉన్నాడు, చూడకుండా వెనక్కి కొట్టెయ్ అనట. రెండు రోజులు బట్టీ పట్టాం. నేను అన్నం ముందు కూర్చుని పొట్ట నిమురుకుంటే మా అమ్మ "ఆకలి లేదా?" అంటుంది. నేను "ఎత్తుగా కొట్టాలి," అన్నా. పిచ్చెక్కిందనుకుంది పాపం.

ఇక మ్యాచ్. ఏమని చెప్పను! అలవాటైన చేతులు ఊరుకుంటాయా? సగంమంది పాత సైగలు చేస్తున్నారు, సగంమంది కొత్తవి. ఒకడు ముక్కు దురదపెట్టి గోక్కుంటే ముగ్గురు కార్నర్‌కి పరిగెత్తారు. కెప్టెన్ నెత్తి బాదుకున్నాడు. అది కూడా ఒక సైగేమోనని ఇద్దరు ఆగిపోయారు. నవ్వకు, ఆ రోజు ఎవడికీ నవ్వు రాలేదు. మా బావ అవతల నీలం చొక్కాలో ఆడుతున్నాడు. మా వైపు చూడడు. తల దించుకుని బంతినే చూస్తాడు. ఎందుకో నాకు తెలుసు. మా చేతులు కంటపడితే అర్థమైపోతాయి, అర్థమైతే వాటిని బట్టి ఆడకుండా ఉండలేడు. అందుకని కళ్ళు మూసుకున్నట్టే ఆడాడు. గోల్ లేకుండానే ఆట చివరికొచ్చింది. అప్పుడు బంతి నా కాళ్ళ దగ్గరికొచ్చింది. తలెత్తా. ఎదురుగా మా బావ. మొదటిసారి నా వైపు చూశాడు. చూసి, కాలరు పట్టుకుని లాగాడు. ఇక నేనేం ఆలోచించాను అంటావు? ఏమీ లేదు! పదేళ్ళు నా పక్క మగ్గం మీదున్న చెయ్యి అది. ఆ చెయ్యి కదిలితే నేను కదులుతా. దాని మీద నీలం చొక్కా ఉందా మా ఎర్ర చొక్కా ఉందా ఎవడు చూశాడు? చెయ్యేమో పాతది, నా బుర్రలో ఉన్నదేమో కొత్త బట్టీ. కాలరంటే గోలీకి కొట్టాలి! చూడకుండా వెనక్కి కొట్టా. గోలీ అక్కడ లేడు. పక్కకొచ్చి, ముక్కెందుకు గోక్కున్నావని ఎవడి మీదో కేకలేస్తున్నాడు. బంతి సాఫీగా వెళ్ళి మా గోల్‌లో కూర్చుంది. ఆ వెంటనే విజిల్.

హార్బర్‌వాళ్ళు మా బావని భుజాలకెత్తుకున్నారు. "ఏం బుర్రరా! వాళ్ళ సైగతో వాళ్ళ నెత్తే కొట్టించాడు!" అని ఒకటే ఈలలు. మావాళ్ళేమో "పాలు పోసి పెంచిన పాము" అని మట్టిబెడ్డలు విసిరారు. కెప్టెన్ నా మీదికొచ్చాడు: "కొత్త సైగలు వాడికెలా తెలుసు? నువ్వే చెప్పుంటావు!" గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే. గోల్ నాదే, నింద కూడా నాకే. సందు చూసుకుని గ్రౌండు వెనక కుళాయి దగ్గరికి పోయా. మా బావ ఒక్కడే మొహం కడుక్కుంటున్నాడు. ఒళ్ళు మండిపోయి, "ఎందుకు లాగావు బావా కాలరు?" అన్నా. ఆయన కుళాయి కట్టేసి తన చేతివైపు చూసుకున్నాడు. ఆ చెయ్యి తనది కానట్టు చూశాడురా. చూసి, "నీ వెనక మా పొట్టోడు వస్తున్నాడు కదరా. నువ్వు చూసుకోలేదు," అన్నాడు.

అంతే.

అర్థమైందా నీకు? అవతలి టీమ్‌లో ఉండి నన్ను జాగ్రత్త పడమన్నాడు! నీలం చొక్కా వేసుకుని ఎర్రచొక్కాకి కాపలా కాశాడు. అలవాటులో చేశాడు, చేసినట్టు కూడా తెలీదు. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందొచ్చిందో చెప్పలేను. "ఈ మాట మావాళ్ళకి చెప్దాం పద," అన్నా. "చెప్తే నా ఉద్యోగం ఉంటుందా? సొంత టీమ్‌ని ముంచబోయాడని తరిమేస్తారు. మళ్ళీ ఆ షెడ్డుకే రావాలి," అన్నాడు. అడకత్తెరలో పోకచెక్క అయిపోయాడు. ఊరికేమో ద్రోహి, హార్బర్‌కేమో జిత్తులమారి మొనగాడు. రెండూ కాదు పాపం. ఎవరికీ చెప్పనని నాచేత ఒట్టేయించుకున్నాడు.

ఇక ఇంటికెళ్తే ఏముంది, మీ అమ్మమ్మ పిల్లని చంకనేసుకుని మా అమ్మ దగ్గరికి వచ్చేసింది. "పిల్ల నెత్తిన చెయ్యి పెట్టి మాట తప్పాడు, నా తమ్ముణ్ణి నవ్వులపాలు చేశాడు, ఆ గడప తొక్కను," అంది. అన్న మాట మీద నిలబడే మనిషి, తెలుసుగా. ఆయన వచ్చి గుమ్మంలో నిలబడి ఏదో చెప్పబోతే గోడవైపు తిరిగింది. రోజూ వచ్చేవాడు, రోజూ తిరిగేది. మీ అమ్మ మాత్రం ఆ మనిషిని చూసి గుమ్మం దాకా పాక్కుంటూ పోయేది. చెవుల కోసం, ఆ పిల్ల మాట కోసం ఇంత చేస్తే, ఆ పిల్లే దూరమైపోయింది మనిషికి. నాకు చూడబుద్ధి కాలేదు. ఒకరోజు మా అక్క పెరట్లో బట్టలారేస్తోంది. ఎదురుగా వెళ్ళి నిలబడ్డా. ఒట్టు ఉంది కదా, అందుకని నోరు విప్పలేదు. నోటితో చెప్పనన్నాను గానీ చేత్తో చెప్పనన్లేదుగా! కాలరు లాగి చూపించా. నా వెనక వేలు చూపించా. పొట్టిగా ఒక మనిషిని గాల్లో గీశా. రెండోసారి చూపించేసరికి ఆవిడ చేతిలో తడి దుప్పటి కింద పడిపోయింది. ఆ సాయంత్రం ఆయన గుమ్మంలోకి వస్తే, ఇటు తిరిగింది. తిరిగి పిల్లని అందించింది.

మీ అమ్మ మొట్టమొదట అన్న మాటేంటో తెలుసా? 'ఛీ'! మా అమ్మ దగ్గర నేర్చుకుంది. మీ తాత పేటంతా తిరిగి చెప్పాడు, "మా అమ్మాయి ఛీ అంది, స్పష్టంగా విన్నాను," అని. ద్రోహి అన్నవాళ్ళకి కూడా చెప్పాడు. వాళ్ళకే ముందు చెప్పాడు! హార్బర్‌కి ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆడాడు. మమ్మల్ని ఎన్నిసార్లు ఓడించాడో లెక్కలేదు, దొంగ బావ, ఆటలో ఒక్కనాడు జాలి చూపించలేదు. కానీ మా సైగ ఒక్కటి వాళ్ళకి చెప్పలేదు. గోడ మీద రాత వానలకి పోయింది. మా కెప్టెన్ మాత్రం చచ్చేదాకా నన్ను నమ్మలేదు. ఆ ఒట్టు అలాగే ఉంచా. ఇప్పుడు నీకు చెప్పేశాననుకో. ఆ హార్బర్ టీమే లేదు, ఇంకెవరి ఉద్యోగం పోతుంది?

ఆఖర్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఆయనకి నోట్లో గొట్టం పెట్టారు. మాట లేదు. డాక్టర్లు పలకా బలపం ఇచ్చి రాయమంటే విసిరికొట్టాడు. నేను పక్కన కూర్చుని నోటికొచ్చింది వాగుతున్నా. ఉన్నట్టుండి చెయ్యి లేచింది, ఆ ఆస్పత్రి చొక్కాకి కాలరు కూడా లేదు, మెడ దగ్గర తడుముకుని లాగాడు. వెనక్కి చూస్తే నర్సు! నడుం మీద చెయ్యేసుకుని, టైమైపోయింది లేవండి అంటోంది. ఎంత నవ్వానో. ఆయన కళ్ళు కూడా నవ్వాయి. నేను లేవలేదు. ఇంకాసేపు కూర్చుంటానన్నా. అప్పుడు ఆ చెయ్యి గుండె మీద పెట్టుకుని... రెండుసార్లు...

ఊఁ.

నీ ఫోనేదో వెలుగుతోంది, చూడు. ఆటకి పిలుస్తున్నారా? వెళ్ళు మరి. ఆగు, ఆ సూదిలో దారం ఎక్కించి పెట్టు, నాకు కళ్ళు ఆనవు. ఎర్ర దారం. చొక్కా ఇలా ఇవ్వు. ఇది నేను చూసుకుంటా, నువ్వు వెళ్ళు.