సముద్రాన్ని ఆపిన గుడ్డ

మేస్త్రీ జగన్నాధం గొంతు సవరించుకున్నాడంటే, గ్లాసులు ఖాళీ అయినా బడ్డీ దగ్గర్నుంచి ఎవరూ లేవరని లీలారాణికి తెలుసు. టీ మరిగిస్తూనే చెవి అటు వేసింది. వినకుండా ఉండాలనే ఉంటుంది, కానీ ఆ గొంతు వదిలితేగా!

భావనపాడు పక్కన వాళ్ల పేటకి అడ్డంగా కట్టిన సముద్రపు గట్టు నిరుడు తిత్లీ తుపానుకి కొట్టుకుపోయింది. ఈ వేసవిలో మళ్లీ కట్టబోతున్నారు. అప్పుడూ ఇప్పుడూ మేస్త్రీ జగన్నాధమే. రాళ్ల కింద పరిచే నల్లగుడ్డ చుట్టలు దింపించి, బడ్డీ ఎదురుగా ఎండలో పడేయించాడు.

"పారేసిన నీల్ల సీసాలు కరిగించి, దారం తీసి సేసిన గుడ్డరా ఇది. నీల్లు దాటతాయి గానీ ఇసక దాటదు. పోయినేడు నానొక కొసా, జోగయ్యొక కొసా పట్టుకుని లాగితే పోగు కదల్నేదు."

"అది నిజమే," అన్నాడు గట్టు కూలీ జోగయ్య.

ఆ ఒక్క మాట చాలు జగన్నాధానికి.

"మరి సాలూరు లారీ సంగతో? రాళ్లతోటి ఇసకలో దిగిపోనాది. ఇనప సెయిను తెగిపోనాది. ఈ గుడ్డే తాడులాగ పేనించి కట్టించినాను. లాగితే లారీ వచ్చీసింది, దాంతోపాటు లారీ కింద రోడ్డూ వచ్చీసింది! ఆ తర్వాతేటయినాదో తెలుసేటి? తుపానొచ్చింది. తాటిసెట్టంత కెరటం. గట్టు మీద నానొక్కడినే, సేతిలో గుడ్డ కొస. 'దాటతావేటి?' అనడిగినాను. కెరటం తలొంచీసింది. వొదుల్తానేటి? సముద్రాన్ని గుడ్డలో మూటగట్టి, బరంపురం వేపు ఇసిరీసినాను!"

"అందుకేనేటి మావా, అక్కడ బావుల్లో నీల్లు ఉప్పగుంటన్నాయి?" అన్నాడు కూలీల్లో కుర్రాడు పాల్. అందరూ గొల్లుమన్నారు. నవ్వు ఆగాక పాలే మళ్లీ, "మరి గట్టెందుకు పోనాది?" అన్నాడు.

"రాళ్లు పోనాయిరా! గుడ్డ పోనేదు. రాళ్లు మెత్తవి. ఆ గుడ్డ యుగాంతం దాకా అక్కడే ఉంటాది."

లీలారాణికి ఒళ్లు మండిపోయింది. తుపాను ముందు సాయంత్రం ఈ మనిషే ఈ గొంతుతోనే ఇంటింటికీ తిరిగాడు. నా గట్టుండగా షెల్టరుకి పోవడమేటి, నవ్వుతారన్నాడు. పిల్లల్ని తీసుకుని తను వెళ్లింది. అత్త దానమ్మ మాత్రం "మేస్త్రీ సెప్పినాడు కదే" అని మంచం దిగలేదు. తెల్లారి వచ్చేసరికి ఇంటి గోడ ఆమె మీద ఉంది. మట్టి తీస్తుంటే గట్టులోంచి కొట్టుకొచ్చిన నల్లగుడ్డ పేలిక ఆమె కాళ్లకి చుట్టుకుని కనిపించింది.

ఆ పేలిక అప్పటినుంచీ బడ్డీ చూరులోనే ఉంది. తీసి జగన్నాధం ముందు నిలబడి, వేళ్ల మధ్య నలిపింది. పీచు పీచుగా రాలి అతని టీలో పడింది.

"యుగాంతం గుడ్డ ఇదే, మేస్త్రీ. పోయినేడు మూఢం పోయేదాకా గట్టు పని మొదలెట్టకూడదన్నావు. నువ్వు ముహూర్తం సూస్తంటే, సుట్టలు ఏసంగి ఎండలన్నీ తగిలి ఈ ఇసకలోనే పీచయిపోనాయి. అప్పుడే సచ్చిపోనాది గుడ్డ. సచ్చినదాన్ని తీసుకెల్లి రాళ్ల కింద పరిసినావు."

జగన్నాధం గ్లాసు కింద పెట్టాడు. "మూఢంలో మొదలెడితే కీడు గదే..."

"కీడు రానేదేటి?"

పాల్ లేచి ఒక చుట్ట కింద భుజం పెట్టాడు. "జోగయ్య బావా, ఆ కొస పట్టు. చర్చి వరండాలో నీడున్నాది."

"ఒరే, ముట్టుకోకండ్రా!" జగన్నాధం గభాల్న లేచాడు. "ఇంకా మూఢం ఎల్లనేదు. పంతులు ముహూర్తం పెట్టాల!"

లీలారాణి అతని గ్లాసు తీసి, పీచుతో సహా టీ ఇసకలో పారబోసింది.

"మా అత్త నీ మాట నమ్మడానికి ముహూర్తం సూడనేదు, మేస్త్రీ."