ఖాళీ చేపిచ్చేటోడు

కదలకు కైలాసం కాకా, గీసుకపోతది. చేతులు వణుకుతున్నయని సక్కుబాయి చిన్నవ్వ గీ కత్తి నాకిచ్చింది. నా మీసమే నాకు సాపుగ కత్తిరించుకోరాదు, నీ గడ్డం నా పాలబడ్డది.

అసలు నేనెవన్ని? ఈ హుజూరాబాదుల సేటు నన్నెందుకు పెట్టుకున్నడు? కిరాయికున్నోల్లను ఎల్లగొట్టెటందుకు. పాత అర్రలన్ని కొట్టి లాడ్జి చేస్తడట. "కొండల్, నిన్ను జూస్తేనే పోతరు" అన్నడు. పొంగిపోయిన. ఉండుమని మెట్ల కింద అర్ర గూడ ఇచ్చిండు.

నన్ను జూసి ఎవలు పోయిండ్రు? నల్లా బందు పెడితే పోయిండ్రు. ఆఖరికి మీద అంతస్తుల మీరిద్దరే మిగిలిండ్రు.

మొదటి దినం యాదున్నదా? తలుపు గుద్దుకుంట వచ్చిన. బెదిరిద్దామని నోరు దెరిచిన, గంతే. చిన్నవ్వ ఏమన్నది? మంచిగొచ్చినవ్ బిడ్డా, మీ కాకను జర లేపి పట్టు, దుప్పటి మార్చాలె అన్నది.

పట్టిన. మరేం జేయాలె? బట్ట నేసే సాంచల కాడ నిలవడి నిలవడి అరిగిన నీ పానం, ఆ మీద పక్షవాతం. చేతులల్ల పెట్టినంక కింద పడేస్తనా? తెల్లారి మల్ల బెదిరియ్య వస్తే స్నానానికి ఎత్తుమన్నది. నల్లా బందు పెట్టింది నేనే, బోరింగుకాడికెల్లి బిందెలు మోసుకుంట మెట్లెక్కింది నేనే. గింత తెలివి ఎవలికుంటది?

సేటు అడిగితే, అయితున్నది సేటూ, జర మెత్తవడుతుండు అనేటోన్ని. మెత్తవడ్డది ఎవలో నాకెరుకే.

నవ్వుతున్నవా? నవ్వకు, కత్తి ఉన్నది.

నిన్న చిన్నవ్వ అర్జీకి ఆర్డీవో మేడం తానే వచ్చింది గదా. నువ్వు మంచంల ఉండి అంత జూసినవ్. నా లోపల ఏమయితుందో చూడలే. ముసలాయన ఖుషీగ పోతనన్నడు మేడం, కొండల్‌ను అడుగుండ్రి అన్నడు సేటు. అందరు నా దిక్కే జూసిండ్రు. అవును మేడం, అనాలె. పొద్దుగాల అద్దం ముందట నేర్చుకొనే వచ్చిన. గనీ నోట్లెకెల్లి ఏమొచ్చింది?

"మాట పడిపోయిన మనిషి, పోతనని ఎట్లంటడు మేడం?"

సేటు మొకం మాడిపోయింది. లేవలేనోన్ని రోడ్డు మీద పెట్టి లాడ్జి కడుతవా అని మేడం గట్టిగనే అడిగింది. ఇదే బిల్డింగుల, కింద, చక్రాల కుర్చీ పట్టేటట్టు అర్ర ఇచ్చినంకనే నిన్ను కదిలియ్యాలె అని రాసిచ్చింది. చిన్నవ్వ నీ కాళ్లకాడ కూసొని ఏడ్సింది. నేను పహిల్వాన్ లెక్క ఛాతి ఇరిసి నిలవడ్డ.

మేడం పోయినంక సేటు నా దగ్గర తాళాలు గుంజుకున్నడు. రేపటికల్ల మెట్ల కింది అర్ర ఖాళీ చేయాల్నట. యాడికి పోవాలె? అరవై దాటినయ్. మోకాళ్లు పట్టుకుంటే బిందె దించుకోను పావుగంట.

చిన్నవ్వ గీ మూలకు పండుమంటున్నది. ఆమెకు చెప్పలే, నీకే చెప్తున్న. మేడం జీపెక్కెటప్పుడు నన్నే అడిగింది, ఈ బిల్డింగుల ఇంక ముసలోల్లు, ఆధారం లేనోల్లు ఎవలన్న ఉన్నరా అని.

ఆమె ముందటనే ఉన్న. నేనున్న మేడం, అంటే అయిపోతుండె.

సిగ్గయింది కాకా. ఎవ్వలు లేరన్న.